కంచెకు ఇవతలి వరస

పోయిన వారం కాలేజీలో మధ్యాహ్నం అన్నం తిని అప్పుడే కుర్చీలో కూర్చున్నాను. ఫైనలియర్ పిల్ల ఒకతె కాగితం పట్టుకొని వచ్చింది. ఏదో కంపెనీలో ఇంటర్న్‌షిప్ దొరికిందట, డిపార్టుమెంటు తరఫున నేను సంతకం పెట్టాలట. జీతమేమైనా ఇస్తారా అని అడిగాను. లేదు మేడమ్, కానీ ఎక్స్‌పీరియెన్స్ వస్తుంది అంది. పోనీ, నువ్వు చేసిన పని మీద నీ పేరుంటుందా అని అడిగాను. "చూద్దాం అన్నరు మేడమ్" అంది, చాలా సంతోషంగా. నేను పెన్ను కింద పెట్టేశాను. అంత మంచి పిల్లను అరగంట నిలబెట్టి కడిగేశానని స్టాఫ్‌రూములో ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. చెప్పుకోనీ. నాకు నోరెక్కువని కొత్తగా తెలిసిన విషయమేం కాదు. కానీ ఆ 'చూద్దాం' అనే మాటను నేను ఇంతకు ముందు ఒకచోట విన్నాను. ఆ చోటు మీద ఇప్పుడు అపార్టుమెంట్లున్నాయి. నా కోపం మీద మాత్రం ఎవరూ ఏమీ కట్టలేకపోయారు.

నేను ఎమ్మెస్సీ బాటనీ చదివింది తొంభైల్లో. మాది అత్వెల్లి. నాయిన కొంత పొలం కౌలుకు చేసేవాడు, చెరువు నిండిన ఏడు చేపలకు పోయేవాడు, రెండూ కుదరని ఏడు కూలికి పోయేవాడు. యూనివర్సిటీలో సీటొచ్చిందని చెబితే బీడీ చివరిదాకా పీల్చాడు. ఆ తర్వాత, "బియ్యం నేను పెడ్త బిడ్డా. మిగిలింది నువ్వే సూస్కో" అన్నాడు. అమ్మ పక్కనుంచి, గంత సదువు సదివి చెట్ల పేర్లు నేర్చుకునుడేంది, ఆ పేర్లు నాకెరుకలేవా అని గొణిగింది. అంతే, ఇంట్లో చర్చ ముగిసింది. మిగిలింది నేనే చూసుకోవాలి. ఆ మిగిలిందాంట్లో హాస్టలు, మెస్సు, పుస్తకాలు, బస్సు, చెప్పులు అన్నీ ఉన్నాయి.

చదువుకుంటూ పని వెతుక్కోవడమంటే ఇప్పటి పిల్లలకు ఫోనులో వేలు కదపడం. మాకు కాళ్లు కదపడం. కుత్బుల్లాపూర్‌లో ఫ్యాక్టరీ కార్మికుల కాలనీలో ట్యూషన్లు చెప్పాను. పిల్లలకు చెప్పినదాని కంటే, మీవాడు మొద్దు కాదమ్మా అని వాళ్ల తల్లులకు చెప్పిందే ఎక్కువ. మేడ్చల్ దారిలో ఒక మందుల ఫ్యాక్టరీకి పోతే, అక్కడి ఆఫీసరు నేనేం చదువుతున్నానో అడగలేదు, పెళ్లెప్పుడని అడిగాడు. ప్యాకింగ్‌లో ఆడపిల్లలను తీసుకుంటారట, పెళ్లయ్యేదాకా మాత్రమే ఉంచుకుంటారట. మీ కూతురి పెళ్లెప్పుడు సార్ అని నేను అడిగాను. వెళ్లిన తలుపులోంచే బయటికొచ్చాను. శామీర్‌పేట వైపు కోడిపిల్లల హ్యాచరీలో కొన్నాళ్లు టీకాలు వేశాను. ఆ వాసన ఎంత స్నానం చేసినా పోయేది కాదు. బస్సులో నా పక్కన ఎవరూ కూర్చునేవారు కారు. సికింద్రాబాద్ దాకా రెండు సీట్లు నాకొక్కదానికే. ఆ ఉద్యోగంలో నాకు దొరికిన సుఖం అదొక్కటే.

అప్పుడు దొరికింది అంగూర్ తోట. ఇప్పుడు చెబితే నమ్మరు గానీ, మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారి పొడుగునా అప్పుడు ద్రాక్షతోటలే. రాతి కడీలు నిలబెట్టి, వాటి మీద ఇనుప తీగెల వల అల్లి, ఆ వల మీదికి తీగలు పాకించేవారు. పందిరి కింద నడుస్తుంటే మిట్టమధ్యాహ్నం కూడా వెలుతురు ఆకుపచ్చగా దిగేది. ఎండాకాలం మొదట్లో ఆదివారాలు పట్నం నుంచి కుటుంబాలు స్కూటర్ల మీద వచ్చి, గేటు దగ్గర కొన్నదాని కంటే ఎక్కువ రుచి చూసి వెళ్లేవి. నేను చేరిన తోట యజమాని పెద్ద సర్కారీ ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. అందరూ తోటసార్ అనేవారు. నెత్తి మీద గుడ్డ టోపీ, చేతిలో చిన్న కర్ర. మొక్కలతో ఇంగ్లిషులో మాట్లాడేవాడు, మనుషులతో మాత్రం ఏ భాషలోనూ మర్యాదగా మాట్లాడేవాడు కాదు. గింజలేని ద్రాక్షకు గుత్తి పెరగడానికి జీఏ అనే హార్మోను పొడి వాడాలని ఎవరో చెబితే పొట్లం తెచ్చుకున్నాడు గానీ, ఎట్లా వాడాలో తెలియక బీరువాలో దాచుకున్నాడు. నేను బాటనీ అని తెలిసి, ఆదివారాలూ సెలవుల్లోనూ వచ్చి ఆ పని చూసుకోమన్నాడు. రోజుకింతని కూలి ఇస్తానన్నాడు. పై ఏడాది నా ఫైనల్ ప్రాజెక్టు కూడా ఆ తోటలోనే చేసుకోవచ్చని, తోట యజమానిగా సర్టిఫికెట్ తనే ఇస్తానని కూడా అన్నాడు. నేను ఎగిరి గంతేశాను. చదువూ కూడూ ఒకే పందిరి కింద దొరికాయనుకున్నాను.

ఆ పొడితో ఒక చిక్కుంది. అది నేరుగా నీళ్లలో కలవదు. ముందు కాస్త స్పిరిట్‌లో కరిగించి, ఆ తర్వాతే నీళ్లలో పోయాలి. స్పిరిట్ మా డిపార్టుమెంటు ల్యాబులో అడిగి చిన్న సీసాలో తెచ్చుకునేదాన్ని. అప్పుడు రాష్ట్రంలో మద్యనిషేధం. సారా వాసన వస్తే చాలు, ఊళ్లో నలుగురు చేరి నాలుగు మాటలనేవారు. అందుకని పొద్దున్నే ఎవరూ రాకముందు మోటారు గదిలో తలుపు దగ్గరకేసుకొని కలిపేదాన్ని. దాచాలని కాదు, గొడవెందుకని. ఆ నీళ్లను చెంబుల్లో పోసుకొని ఆడవాళ్లందరం పందిరి కింద వరస కట్టి, వేలాడే ఒక్కొక్క గుత్తినీ చెంబులో ముంచి, తీశాక వేలితో తట్టాలి. తట్టకపోతే చివరి కాయల దగ్గర బొట్టు నిలిచి అవి మాడిపోతాయి. "గిదేందే, పసిపిల్లలకు పోసినట్టు ఒక్కొక్క గుత్తికి తానం పోయిస్తున్నవ్" అని కూలి ఆడవాళ్లు నవ్వేవారు. సాయంత్రానికి మెడలు పట్టేసేవి. అందరి మోచేతులదాకా ఆ నీళ్లే. నా దగ్గర వాసన చూసి, ఈ పిల్ల పొద్దుగాల సారా తాగొస్తదని ఒకామె, కాదు సారాతోనే తానం చేస్తదని ఇంకొకామె. చలికాలమంతా అలా గడిచింది. ఎండలు ముదిరేసరికి గుత్తులు బరువుకు పందిరినే కిందికి లాగాయి. అలాంటి ద్రాక్ష ఆ దారిలో ఎవరూ చూడలేదు.

కోతలప్పుడు తోట చూడడానికి తోటల శాఖ ఆఫీసర్లొచ్చారు, మా ప్రొఫెసరు కూడా వచ్చాడు. తోటసార్‌కు ఒక మేనల్లుడున్నాడు, మా క్లాసే. ఆ ఏడాదంతా ఆ తోటలో అతను చేసిన పని ఏమిటంటే, వచ్చి ద్రాక్ష తిని పోవడం. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకొని మామ పక్కన నిలబడ్డాడు. ఇదంతా మా అల్లుడే చూసుకున్నడు సార్ అని తోటసార్ చెబుతుంటే, నేను రెండు కడీల అవతల నిలబడి విన్నాను. వింటున్నానని తెలిసి నా వైపు తిరిగి, సార్లకు నీళ్లు పట్టుకు రమ్మన్నాడు. తెచ్చాను. పళ్లెం నా ప్రొఫెసరు ముందు పట్టుకున్నాను. ఆయన గుర్తుపట్టి, నువ్విక్కడేం చేస్తున్నావమ్మా అన్నాడు. నేను నోరు తెరిచేలోపు తోటసార్ అందుకున్నాడు.

"కూలికొస్తది సార్. సదువుకునే పిల్ల గద, పాపమని రానిస్తున్న."

ప్రొఫెసరు తలూపి నీళ్లు తాగాడు. ఆయనకు మొత్తం అర్థమైందని నాకిప్పటికీ అనుమానం. అయితే ఆ సాయంత్రం ఆయన కారు డిక్కీలో ద్రాక్షపెట్టెలు ఎక్కాయి, అర్థమైంది అక్కడే ఆగిపోయింది. కూలికి పోవడం నాకు సిగ్గు కాదు. మా అమ్మ పోయేది, నాయిన పోయేవాడు. నేను కలిపిన నీళ్లను, నేను లెక్కకట్టిన పాళ్లను, నా చేత్తో కొలిచిన గుత్తులను పక్కనున్న ఇస్త్రీ చొక్కాకు తొడిగి, నాకు 'పాపం' అని దానం చేశాడు చూడండి, అది మాత్రం నేను మింగలేదు. అప్పుడూ మింగలేదు, ఇప్పుడూ మింగలేదు.

అయినా ప్రాజెక్టు అవసరం నాదే కదా. దసరా దాటి, కొత్త కాపు కోసం తోటల్లో కొమ్మలకు కత్తెర పడే రోజుల్లో, ఫైనలియర్ మొదలయ్యాక, మళ్లీ ఆయన దగ్గరికే పోయాను. ఈసారి తోట మా అల్లునికిస్తున్న అన్నాడు. మరి నాకు మాటిచ్చారు కదా సార్ అన్నాను. చూద్దాం అన్న గని ఇస్తనన్ననా అన్నాడు. అంతటితో ఆగలేదు. కూలోళ్లకు సర్టిఫికెట్లు రాసిచ్చుడు మొదలువెడితే రేపు అందరూ లైన్ల నిలవడతరు అని, అది పెద్ద హాస్యమైనట్టు నవ్వాడు. మేనల్లుడు కూడా నవ్వాడు, మామ నవ్వాడు గనుక.

ఆ కత్తెర పడే వారం పదిరోజుల్లో తోట దొరక్కపోతే ఆ ఏడు ప్రాజెక్టు లేదు. ప్రాజెక్టు లేకపోతే డిగ్రీ లేదు. ఏడాది పోతే హాస్టల్లో ఉండనివ్వరు, నాయిన పెట్టే బియ్యానికి వండుకునే చోటు కూడా ఉండదు. మందుల ఫ్యాక్టరీలో పెళ్లయ్యేదాకా మాత్రలు ప్యాక్ చేయడం ఒక్కటే మిగులుతుంది. దారి పొడుగునా ప్రతి గేటూ తట్టాను. కొందరు ఆడపిల్లకు వద్దన్నారు, కొందరు తోటసార్‌తో గొడవెందుకన్నారు. చివరికి మిగిలింది ఆయన పక్క తోటే. మధ్యలో ముళ్లకంచె. ఆ తోట ఒక పటేలమ్మది. మొగుడు పోయాక తనే నడుపుకునేది. కంచె కడీలు జరిపాడని తోటసార్‌ను ఆమే, నీళ్ల కాలువ మళ్లించిందని ఆమెను ఆయనా, రోజూ ఒకరినొకరు తిట్టుకునేవారు. ఆమెకు నా నోటికంటే పెద్ద నోరుంది. అలాంటి మనిషిని నేను అంతకు ముందూ ఆ తర్వాతా చూడలేదు.

నేను చెప్పిందంతా నోట్లో ఆకు నములుతూ విన్నది. హార్మోను గీర్మోను తన తోటలోకి రానియ్యనని ఏళ్ల తరబడి అన్న మనిషి.

"గా మందువెడితే నా గుత్తులు వాని గుత్తుల కంటె పెద్దగైతయా?" అని అడిగింది.

అవుతాయన్నాను.

"వానికి కనవడేటట్టు చెయ్యొస్తదా?"

కంచె పక్క వరసలోనే చేద్దాం పెద్దమ్మా అన్నాను. ఆమె ఆకు ఉమ్మేసి, నా సర్టిఫికెట్ సంగతి అడగనైనా అడగకుండా, రేపు పొద్దుగాల రా అంది. ఆ మాటతో నా చదువు నిలబడింది. దాన్ని నిలబెట్టింది జాలి కాదు, కక్ష. నాకు జాలి కంటే కక్ష మీదే నమ్మకం ఎక్కువైంది ఆ రోజు నుంచే.

డిసెంబరులో రెండు తోటల్లోనూ ఒకే వారంలో గుత్తులు ముంచే అదును వచ్చింది. నేను ఇవతల, మేనల్లుడు అవతల. పొడిని దేంట్లో కరిగించాలో అతనికి తెలియదు. పుస్తకంలో ఉంటుంది, చదవడు. నన్నడగొచ్చు, రోజూ క్లాసులో నా వెనక బెంచీలోనే కూర్చుంటాడు, అడగడు. కూలి ఆడవాళ్లను అడిగాడు. వాళ్లు పోయినేడు వచ్చిన వాసన గుర్తుచేసుకొని, గా పిల్ల ఏదో సారాలెక్కది పోసేది అని చెప్పారు. నిషేధం రోజుల్లో సారా ఎక్కడ దొరుకుతుంది. కల్లు మాత్రం దొరికేది. ఇగ చూడండి, పొద్దున్నే కల్లు లొట్టి కట్టుకొని సైకిలొకటి తోటసార్ గేటు లోపలికి పోయింది. తోటసార్ కర్ర ఊపుతూ పర్యవేక్షిస్తున్నాడు. మేనల్లుడు బక్కెట్లో కల్లు పోసి, అందులో పొడి చల్లి, నీళ్లు పోసి, కట్టెతో తిప్పాడు. నురగ బక్కెటు దాటి కారింది. ఆ వాసన కంచె దాటి నా దాకా వచ్చింది.

నేను చేతిలో చెంబుతో నిలబడి చూశాను. అవతలి ఆడవాళ్లలో ఒకామె, పోయినేడు నా పక్కనే గుత్తులు ముంచినామె, నా వైపు చూసి, గిట్లనేనా అన్నట్టు కళ్లెగరేసింది. నేను తల దించుకొని నా గుత్తిని ముంచాను, తట్టాను, తర్వాతి గుత్తికి పోయాను. పటేలమ్మ నా వెనక నిలబడి అంతా చూస్తోంది.

"చెప్తవానే?" అంది.

"చెప్ప పెద్దమ్మా."

"చెప్తివో, నా తోటల అడుగువెట్టకు."

ఇక్కడ కొంతమంది చదువరులు నేను బాధపడ్డానని చదవాలనుకుంటారు. బాధపడలేదు. ఆ సాయంత్రం మెస్సులో పప్పన్నం రెండుసార్లు వడ్డించుకొని తిన్నాను. నోరు తెరిచి చెబితే ఏమయ్యేది? ఆ మాటను కూడా మా అల్లుడే కనిపెట్టాడనేవాడు తోటసార్. నాకు చెప్పే హక్కు లేదని నీళ్ల పళ్లెం చేతికిచ్చిన రోజే ఆయన తేల్చేశాడు. నేను ఆయన మాటను గౌరవించాను, అంతే.

కల్లులో ఉన్న తీపి గుత్తుల మీద మిగిలిపోయింది. మొదట చీమలొచ్చాయి, తర్వాత కందిరీగలు. తర్వాత ఆ జిగట మీద మసిలాంటి బూజు పట్టింది. పొడి కరగక బక్కెట్ల అడుగునే మిగిలింది కాబట్టి కాయలు మిరియాలంతే ఉండిపోయాయి. ఇవతల కంచె పక్క వరసలో పటేలమ్మ గుత్తులు రోజుకింత లావెక్కుతున్నాయి. ఆమె పొద్దున్నే కుర్చీ తెప్పించుకొని ఆ వరస కింద, తోటసార్ వాకింగుకు వచ్చే వేళకు, వాటిని చూస్తూ చాయ్ తాగేది. తిట్టకుండా ఆమె గడిపిన ఒకే ఒక్క సీజను అదేనని ఊళ్లో అనుకున్నారు.

ప్రాజెక్టులు చూడడానికి మా ప్రొఫెసరుతోపాటు వేరే యూనివర్సిటీ నుంచి ఒక మేడమ్ వచ్చింది. ఆమెకు తోటసార్ ఎవరో తెలియదు, ద్రాక్షపెట్టెల ఆనవాయితీ అంతకన్నా తెలియదు. ముందు అవతలి తోటకు పోయారు. కంచె ఇవతల నా కాగితాలు పట్టుకొని నేను నిలబడ్డాను, పక్కన పటేలమ్మ. మేడమ్ ఒక నల్లటి గుత్తిని వేలితో తిప్పి చూసి, పొడిని దేంట్లో కరిగించావని మేనల్లుణ్ణి అడిగింది. లోకల్ ఆల్కహాల్ అన్నాడు. అంటే ఏమిటని అడిగింది. అతను మామ వైపు చూశాడు. కూలి ఆడవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. మేడమ్ వదల్లేదు. పోయినేడు ఇదే తోటలో మంచి ఫలితమొచ్చిందని రిపోర్టులో రాసుకున్నావు కదా, అప్పుడేం వాడావని అడిగింది. ప్రొఫెసరు కందిరీగను తోలుకుంటున్నట్టు చేతులూపుతున్నాడు. మేనల్లుడు మళ్లీ మామ వైపే చూశాడు. అప్పుడు తోటసార్ కంచె దగ్గరికి నడిచి వచ్చాడు. టోపీ తీశాడు. ఆయన తల నేను చూడడం అదే మొదలు.

"ఏమ్మా, పోయినేడు నువ్వే కలిపినవ్ గద. ఎట్ల కలిపినవో నువ్వన్న చెప్పు."

అందరూ విన్నారు. మేడమ్ విన్నది, ప్రొఫెసరు విన్నాడు, నవ్విన ఆడవాళ్లు విన్నారు. ఏడాదిపాటు నేను ఎవరితోనైనా చెప్పించాలనుకున్న మాట, ఆయనే తన నోటితో చెప్పాడు. అప్పుడైనా నేను ఊరుకుని ఉండొచ్చు. మంచి మనుషులు ఊరుకుంటారు.

"నాకేం తెలుస్తది సార్" అన్నాను. "కూలికొచ్చినదాన్ని."

పటేలమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. మేడమ్ ఆయన వైపొకసారి, నా వైపొకసారి చూసి, కంచె చుట్టూ నడిచి ఇవతలికి వచ్చింది. దేంట్లో కరిగించావని నన్నడిగింది. స్పిరిట్ మేడమ్ అని అవతలి తోట చివరిదాకా వినబడేట్టు చెప్పాను, ఎంత స్పిరిట్‌కు ఎంత పొడో, తర్వాత నీళ్లెన్నో, ఎందుకు తట్టాలో అన్నీ చెప్పాను. సీజను అయిపోయింది, ఇక వింటే విననీ. పటేలమ్మ నా సర్టిఫికెట్ కింద తెలుగులో, కట్టెలు పేర్చినట్టు ఒక్కొక్క అక్షరం, సంతకం పెట్టింది. రైతు చదువుకున్నవాడైతే బాగుండేదని ప్రొఫెసరు గొణిగాడు. మేడమ్ గుత్తిని చేత్తో తూచి చూసుకుంటోంది. నాకు ఫస్టుక్లాసొచ్చింది. మేనల్లుడికి ప్రాజెక్టు మళ్లీ చేయాల్సి వచ్చింది. తోటసార్ ఆ ఏడు పళ్లను గేటు దగ్గర అమ్మడం కాదు కదా, ఎవరికీ ఊరికే కూడా ఇవ్వలేకపోయాడు. ఆ సీజనులో కంచె పక్కన తాగినంత మంచి చాయ్ మళ్లీ ఎప్పుడూ తాగలేదని పటేలమ్మ చనిపోయేదాకా అనేది.

కథ ఇక్కడ ఆపేస్తే నాకు గెలుపు. కానీ రెండువేల సంవత్సరం దాటిన తర్వాత, తీగలన్నీ పీకేసి అక్కడ ప్లాట్లు పడుతున్న రోజుల్లో, మేడ్చల్‌లో రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట ఆ మేనల్లుడు కనబడ్డాడు. తోటసార్ పోయాడట, తోటను ఇతనే ప్లాట్లు చేసి అమ్ముతున్నాడట. నేను ముఖం తిప్పుకునేలోపు పరుగెత్తుకొచ్చాడు. నా వెంట ఉన్న మా ఆయన చేయి పట్టుకొని ఊపుతూ, "మేము క్లాస్‌మేట్స్ అన్నా. మా తోటలనే కలిసి ప్రాజెక్టు జేసినం. మస్తు రోజులవి" అన్నాడు. ఆ కళ్లలోకి చూశాను, ఎక్కడైనా కాస్త ఎత్తిపొడుపుందేమోనని. లేదు. నిజంగానే సంతోషపడుతున్నాడు. కల్లు గుర్తులేదు, మేడమ్ గుర్తులేదు, మామ టోపీ తీసిన సంగతి గుర్తులేదు. మాకు ప్లాటు కావాలంటే కార్నర్ బిట్టు ఇప్పిస్తానన్నాడు. మా ఆయన ఇంటికొచ్చాక, మంచివాడిలా ఉన్నాడే అన్నాడు. ఆ రాత్రి ఆయనతో మాట్లాడలేదు.

ఇన్నేళ్లూ నేను ఆ కంచె దగ్గర నిలబడి గెలుస్తూనే ఉన్నాను. అవతల ఓడిపోవాల్సిన మనిషేమో ఎప్పుడో వెళ్లిపోయాడు. పగ తీర్చుకోవడానికి రెండు జ్ఞాపకాలు కావాలని నాకెవరూ చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను, అతను బతికే ఉన్నాడు, పేపర్లు చదివే అలవాటు కూడా ఉందని విన్నాను. మనుషులు మరిచిపోవడానికి కాలం ఎంతైనా సాయం చేస్తుంది, దానికి నేను సాయం చేయదలుచుకోలేదు.